మీ నవాబుల మ్యూజియం

"అబ్బా, సాలార్‌జంగ్ మనకేమైతడు?"

మా చిన్నమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. తొమ్మిదో తరగతి. బడిలో హైదరాబాదు చారిత్రక కట్టడాల మీద ప్రాజెక్టు రాయమన్నారట. పిల్లలు తలా ఒకటి పంచుకుంటుంటే, పక్కన కూచునే స్నేహితురాలు "సాలార్‌జంగ్ మ్యూజియం నువ్వు రాయి, అది మీ నవాబులదే కదా" అన్నదట. ఎగతాళిగా అనలేదు. 'మీ ఇంట్లో మామిడిచెట్టు ఉంది కదా' అన్నంత మామూలుగా అన్నది. ఎగతాళి అయితే జవాబు చెప్పడం తేలిక. మామూలుగా అన్న మాటకే జవాబు దొరకదు.

ఈ మాట నాకు కొత్త కాదు. డిగ్రీ చదివే రోజుల్లో నన్నూ 'నవాబ్ సాబ్' అనే పిలిచేవారు. మా అబ్బాజాన్ సైకిల్ షాపులో పంక్చర్లు వేసేవాడు. సాయంత్రం ఇంటికొస్తే చేతులకు నల్లటి గ్రీజు. క్లాసులో మాత్రం నేను నవాబును. ఈ దేశంలో రాజుల పాలనలో బతికిన కోటానుకోట్ల హిందువుల్ని ఎవరూ 'రాజా వారూ' అని పిలవరు. కమ్మరిని కమ్మరి అనే అంటారు, చాకలిని చాకలి అనే అంటారు. ముస్లిం అయ్యేసరికి దూదేకుల, కసాబు, ఫకీరు, సైకిల్ షాపు అన్నీ పోయి ఒక్క నవాబు మిగులుతాడు. పొగడ్తలాగా వినిపించే ఈ మాటలో 'ఇన్నాళ్ళు ఏలారు కదా, ఇప్పుడు అనుభవించండి' అన్న మరో మాట కూడా దాగి ఉంటుంది.

అందుకే ఒక ఆదివారం, జొహర్ నమాజు అయ్యాక, బిడ్డను తీసుకొని అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి నయాపూల్ దాటాను. కింద మూసీ. 1908 సెప్టెంబరు 28న ఈ మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ నది దక్షిణపు ఒడ్డునే ఇప్పటి మ్యూజియం భవనం. శుక్రవారం సెలవు, మిగతా రోజులన్నీ జనం. ఆ రోజూ జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు, బడిపిల్లలు, బుర్ఖాల్లో పాతబస్తీ ఆడవాళ్ళు, అయ్యప్ప మాలల్లో కుర్రాళ్ళు అందరూ ఒకే వరుసలో టికెట్ల కోసం నిలబడ్డారు.

లోపల మొదట సాలార్‌జంగుల చిత్రపటాల ముందు ఆగాం. "ముగ్గురున్నారు, ఎవరు అసలు సాలార్‌జంగ్?" అని అడిగింది. ముగ్గురూ అసలే. మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీ ఖాన్, 1853లో ఇరవై నాలుగేళ్ళకే దివాన్ అయ్యాడు, 1883లో చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నాడు. రెండో ఆయన కొడుకు మీర్ లాయఖ్ అలీ ఖాన్. మూడో ఆయన మనుమడు మీర్ యూసుఫ్ అలీ ఖాన్. 1889లో పుట్టాడు, 1912 నుంచి 1914 వరకు దివాన్‌గిరీ చేశాడు. ఆ తర్వాత ముప్పై అయిదేళ్ళు పెళ్ళీ పెటాకులూ లేకుండా వస్తువులు సేకరించడమే పనిగా బతికాడు. మనం చూసే నలభై వేలకు పైబడిన వస్తువుల్లో ఎక్కువ భాగం ఈ మూడో సాలార్‌జంగ్ సేకరించినవే.

ఇక్కడ పిల్లకు ఒక సంగతి చెప్పాల్సి వచ్చింది. చెప్పకపోతే నా తరం చేసిన తప్పే నేనూ చేసినవాణ్ణవుతాను. మొదటి సాలార్‌జంగ్ గొప్ప పాలకుడు, సందేహం లేదు. దివాలా తీసిన ఖజానాను నిలబెట్టాడు. రియాసత్‌ను జిల్లాలుగా విభజించాడు. ఆయన కాలంలోనే, 1874లో, హైదరాబాదుకు రైలొచ్చింది. కానీ 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో జనం కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి దండెత్తినప్పుడు ఈ దివాన్ నిలబడింది జనం పక్కన కాదు, ఇంగ్లీషువాళ్ళ పక్కన. మౌల్వీ అలావుద్దీన్ అండమాన్ జైల్లో చచ్చిపోయాడు. తుర్రేబాజ్ ఖాన్ను 1859లో తూప్రాన్ దగ్గర కాల్చి చంపి, శవాన్ని నగరంలో అందరూ చూసేట్టు వేలాడదీశారు.

"ఇద్దరూ ముస్లిములే కదా?" అన్నది బిడ్డ.

అవును, ఇద్దరూ ముస్లిములే. ఒకాయన పేరు మీద మ్యూజియం ఉంది. ఇంకొకాయన పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? 'మీ నవాబులు' అన్నప్పుడు ఈ ఇద్దరిలో ఎవరిని నాకు అంటగడుతున్నారు? చరిత్ర మతాన్నిబట్టి నడిచినట్టు చెప్పేవాళ్ళు కోఠీ చౌరస్తాలో ఒకసారి ఆగి, 1857 స్మారకం దగ్గర ఈ లెక్క తేల్చుకోవాలి.

అక్కడినుంచి రెబెకా దగ్గరికి వెళ్ళాం. మేలిముసుగు రెబెకా విగ్రహం గురించి తెలుగువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ఇటలీ శిల్పి జొవాన్నీ మరియా బెంజోనీ చెక్కింది. 1876లో యూరప్ వెళ్ళినప్పుడు మొదటి సాలార్‌జంగ్ కొన్నాడు. బెంజోనీ ఇదే విగ్రహానికి చాలా ప్రతులు చెక్కాడు, అమెరికా మ్యూజియముల్లో కూడా ఉన్నాయి. అయినా మన రెబెకా మనకు ప్రత్యేకం. పాలరాయి తడిసిన మల్మల్ బట్టలాగ మొహం మీద పరుచుకొని ఉంటుంది. ముసుగు వెనక ముక్కు, పెదవులు, కళ్ళు కనిపిస్తాయి. అంతా ఒకే రాయి.

రెబెకా ఎవరు? బైబిల్ కథలో ఇస్సాకు భార్య. ఆ ఇస్సాకే మన ఇస్‌హాఖ్ అలైహిస్సలాం, ఇబ్రహీం ప్రవక్త కొడుకు. పెళ్ళికూతురుగా వస్తూ దూరం నుంచి ఇస్సాకును చూసి ముసుగు కప్పుకున్నదని బైబిల్ చెబుతుంది. యూదుల కథ, క్రైస్తవ శిల్పి, ముస్లిం దివాన్ కొన్నాడు, ఆదివారం పూట అన్ని మతాలవాళ్ళూ కళ్ళు పెద్దవి చేసుకొని చూస్తున్నారు. బాగుంది.

ఆ గుంపులో మా ముందు ఇద్దరు బుర్ఖా వేసుకున్న ఆడవాళ్ళున్నారు. వెనకనుంచి ఎవరో కుర్రాడు "వీళ్ళకేం కనిపిస్తదిరా ముసుగులోనించి" అన్నాడు, పక్కవాడు నవ్వాడు. రాతి ముసుగును చూసి 'ఆహా' అన్న నోరే ఆ మాటా అన్నది. మా అమ్మాయి తలమీద దుపట్టా సర్దుకుంది. తను బుర్ఖా వేసుకోదు, మా ఇంట్లో వేసుకొమ్మని ఎవరూ చెప్పలేదు, వద్దని కూడా ఎవరూ చెప్పలేదు. 2022లో కర్ణాటకలో హిజాబ్ గొడవ నడిచినప్పుడు తను చిన్నది. మార్చిలో హైకోర్టు తీర్పు, అక్టోబరులో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల చీలిన తీర్పు టీవీలో చూస్తూ నన్ను ఏమీ అడగలేదు. ఇప్పుడూ ఏమీ అడగలేదు. ముసుగు మంచిదా చెడ్డదా అన్న చర్చ మన ఆడవాళ్ళు చేస్తున్నారు, చేయనిద్దాం. నేను చెప్పదలచింది అది కాదు. ఒక మనిషిని విగ్రహంకన్నా తక్కువగా చూసే చూపు గురించి మాత్రమే.

మెఫిస్టోఫిలిస్, మార్గరెటా బొమ్మ దగ్గర కూడా గుంపే. ఒకే కర్ర మొద్దులో రెండు మనుషులు. ముందునుంచి చూస్తే తలెత్తుకొని, బూట్లు వేసుకొని, పొగరుగా నిలబడ్డ మెఫిస్టోఫిలిస్, జర్మన్ కవి గేథే రాసిన 'ఫౌస్ట్' నాటకంలోని సైతాను. వెనక అద్దం పెట్టారు. ఆ అద్దంలో తలవంచుకున్న అమాయకపు పిల్ల మార్గరెటా. అద్దం లేకపోతే ఆ పిల్ల ఉన్నట్టే తెలియదు.

ఆ బొమ్మ ముందు నిలబడితే నాకు 1948 గుర్తొచ్చింది. హైదరాబాదు ముస్లిం అనగానే మన పాఠ్యపుస్తకాల్లో, సినిమాల్లో ముందునుంచి కనిపించే బొమ్మ ఒకటే, రజాకారు. రజాకారు అబద్ధం కాదు. ఖాసిం రజ్వీ మనుషులు ఊళ్ళు తగలబెట్టారు, మనుషుల్ని చంపారు. మా వృత్తివాడే, 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను, హైదరాబాదు ఇండియాలో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో నడిరోడ్డు మీద నరికి చంపారు. దాన్ని దాచిపెట్టే హక్కు నాకు లేదు. కానీ వెనక అద్దం ఎవరు పెడతారు? సెప్టెంబరు 13 నుంచి 17 దాకా నడిచిన పోలీస్ యాక్షన్ వెంటా, దాని తర్వాతా ఏం జరిగిందో చూడడానికి పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ ఉన్న బృందాన్ని ప్రభుత్వమే పంపింది. తక్కువలో తక్కువ లెక్క వేసినా 27 వేల నుంచి 40 వేల మంది చచ్చిపోయారని ఆ బృందం రాసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతిన్నాయని చెప్పింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు జనానికి అందలేదు. 2013లో గాని ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో చూసే వీలు కలగలేదు.

బీదర్ మా నానీ ఊరు.

ఈ మ్యూజియం కథకు, ఆ కథకు మధ్య నెలల దూరమే ఉంది. పోలీస్ యాక్షన్ అయిన అయిదున్నర నెలలకు, 1949 మార్చి 2న, మూడో సాలార్‌జంగ్ వారసులు లేకుండా చనిపోయాడు. ఆ ఏడాది ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. ఆయన సేకరణను ఆయన నివాసమైన దివాన్ దేవిడీలోనే అమర్చి మ్యూజియం చేశారు. ఐర్లండువాడైన కళా విమర్శకుడు జేమ్స్ కజిన్స్ ఆ అమరికకు సాయం చేశాడు. 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించాడు. బంధువులకు, ప్రభుత్వానికి మధ్య రాజీ 1958లో కుదిరింది. 1961లో పార్లమెంటు చట్టం చేసి దీన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో ఇప్పటి భవనంలోకి మారింది. దివాన్ దేవిడీని తర్వాత కూలగొట్టారు. ఇప్పుడక్కడ బట్టల దుకాణాలు, పాత దర్వాజాలు మాత్రం మిగిలాయి.

అంటే చట్టం ప్రకారం కూడా ఇది నవాబులది కాదు. ఈ దేశ ప్రజలది. వస్తువులు కొన్న డబ్బు కూడా అసలు ఎవరిది? జాగీరు ఊళ్ళలో దున్నినవాళ్ళది. వాళ్ళలో తెలుగువాళ్ళున్నారు, మరాఠీలున్నారు, కన్నడిగులున్నారు. హిందువులూ ఉన్నారు, ముస్లిములూ ఉన్నారు. మా అమ్మాయి స్నేహితురాలి ముత్తాత ఏ జాగీరులో శిస్తు కట్టాడో ఎవరికి తెలుసు?

చేతిరాత పుస్తకాల సంగతి చెప్పకుండా ఉండలేను. ఇక్కడి గ్రంథాలయంలో వేల సంఖ్యలో అరబ్బీ, ఫారసీ, ఉర్దూ రాతప్రతులున్నాయి. వాటిలో నాకు అన్నిటికన్నా ప్రియమైనది మహమ్మద్ ఖులీ ఖుతుబ్‌షా కవితల రాతప్రతి, బంగారు రంగులతో, బొమ్మలతో అలంకరించింది. ఈ నగరాన్ని 1591లో కట్టినవాడు ఆయనే. ఈద్ మీద రాసిన చేత్తోనే బసంత్ మీద, మృగశిర వానల మీద రాశాడు. ఆయన దక్కనీలో తెలుగు మాటలు కలిసిపోయి ఉంటాయి. ఆయన తండ్రి ఇబ్రహీం ఖుతుబ్‌షాను తెలుగు కవులు 'మల్కిభరాముడు' అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. పొన్నికంటి తెలగన రాసిన మొదటి అచ్చతెలుగు కావ్యం 'యయాతి చరిత్ర' అంకితం పుచ్చుకున్నది అమీన్ ఖాన్ అనే ముస్లిం సర్దారు. నేను ఉర్దూలో రాసి తెలుగులోనూ రాస్తే "నీకు తెలుగు ఇంత బాగా ఎట్లా వచ్చు?" అని ఆశ్చర్యపోయేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నాలుగు వందల యాభై ఏళ్ళ కింద గోలకొండలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. మనవాళ్ళలోనూ "తెలుగులో రాసి ఉర్దూను వదిలేస్తున్నావా?" అని నిలదీసేవాళ్ళున్నారు. వాళ్ళకూ ఇదే జవాబు.

చివరికి బిద్రీ గ్యాలరీ. నేను నిజానికి ఇక్కడికోసమే బిడ్డను తెచ్చాను. నల్లటి ఒళ్ళు మీద వెండి తీగలు, వెండి పూలు. హుక్కా కుండలు, సురాహీలు, పాన్‌దాన్‌లు, తబుకులు. మా నానీ తండ్రి బీదర్‌లో బిద్రీ కారీగర్. నానీ చిన్నప్పుడు చూసిన పని నాకు చెబుతుండేది, నేను మా అమ్మాయికి అక్కడ నిలబడి చెప్పాను.

జింకు ఎక్కువగా, రాగి కొద్దిగా కలిపి కరిగించి అచ్చులో పోస్తారు. ఆకురాయితో నున్నగా చేస్తారు. మైలుతుత్తం నీళ్ళు పూస్తే తాత్కాలికంగా నల్లబడుతుంది, ఆ నలుపు మీద గీత కనిపించేట్టు ఉలితో పువ్వు గీస్తారు. గీసిన గాట్లలో వెండి తీగను సుత్తితో కొట్టి కూరుస్తారు. మళ్ళీ నున్నగా రుద్దితే నలుపంతా పోయి వెండీ లోహమూ ఒకే తెలుపులో కలిసిపోతాయి, పువ్వు కనిపించదు. ఇన్ని రోజుల కష్టం ఎక్కడికి పోయిందా అనిపిస్తుందట. అప్పుడు బీదర్ కోటలోని పాత మట్టిని నవాసాగరంతో కలిపి, వేడి చేసి పూస్తారు. లోహం కాటుకలాగ నల్లబడుతుంది. వెండి మాత్రం మారదు, మెరుస్తుంది. ఆఖరున నూనె రాసి తుడుస్తారు. ఆ మట్టి ఏ మూలది పనికొస్తుందో కారీగర్లు నాలుక మీద పెట్టుకొని చెబుతారు. మా పర్‌నానా కూడా అట్లాగే చెప్పేవాడట.

1948లో నానీకి పదకొండేళ్ళు. తండ్రి ఇంటికి తిరిగి రాలేదు. తల్లి పిల్లల్ని తీసుకొని హైదరాబాదు చేరింది. నాంపల్లిలో కొన్నాళ్ళు, తర్వాత యాఖుత్‌పురా. నానీ జీవితమంతా ఇళ్ళల్లో బట్టలు కుట్టి బతికింది. తండ్రి సంగతి ఒక్కసారే చెప్పింది నాకు, అదీ కళ్ళు కిందికి దించుకొని సూదిలోకి దారం ఎక్కిస్తూ.

అద్దాల పెట్టెల్లోని చీటీలన్నీ చదివింది మా అమ్మాయి. వస్తువు పేరు ఉంది. ఊరు ఉంది. శతాబ్దం ఉంది. "చేసినవాళ్ళ పేరేది?" అన్నది. రెబెకాను చెక్కిన బెంజోనీ పేరు అందరికీ తెలుసు. గడియారాన్ని అమ్మిన కలకత్తా కంపెనీ కుక్ అండ్ కెల్వీ పేరు తెలుసు. జేడ్ రాయి మీద అల్తమష్ పేరు, షాజహాన్ బిరుదు చెక్కి ఉన్నాయి. కొన్నవాళ్ళ పేర్లు, పెట్టుకున్నవాళ్ళ పేర్లు మిగిలాయి. వెండి తీగ కూర్చినవాడి పేరు ఆ గదిలో మాకు ఎక్కడా కనిపించలేదు.

నాలుగు కాకముందే జనమంతా గడియారం హాలుకు పరుగెత్తారు, మేమూ వెళ్ళాం. నాలుగు గంటలు కొట్టే వేళ. లోపల చిన్న కమ్మరి బొమ్మ సెకను సెకనుకూ సుత్తితో కొడుతూనే ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. గంట కొట్టడానికి గడ్డపు మనిషి బయటికొస్తాడు, నాలుగుసార్లు కొట్టి లోపలికి పోతాడు. అందరూ ఫోన్లెత్తి అతన్ని తీశారు. మా అమ్మాయి కమ్మరిని చూస్తూ కూచుంది.

ఇంటికొచ్చాక ట్రంకు పెట్టె తెరిచి నానీ దాచిన బిద్రీ మూత తీశాను. చిన్న డబ్బీది. డబ్బీ బీదర్‌లోనే పోయింది, మూత ఒక్కటే వచ్చింది. వెండి పువ్వులో ఒక రేకు ఊడిపోయింది. బిడ్డ దానికి కొబ్బరినూనె రాసి తుడిచి, కాగితం మీద బొమ్మ గీసుకుంది.

ప్రాజెక్టులో సాలార్‌జంగులు ముగ్గురి గురించీ రాసింది, తేదీలతో సహా. తుర్రేబాజ్ ఖాన్ గురించి రాసింది. చివరి పేజీలో ఆ మూత బొమ్మ అతికించి, కింద చీటీలాగ ఇట్లా రాసింది: వస్తువు - డబ్బీ మూత. ఊరు - బీదర్. కాలం - 1948కి ముందు. చేసినవారు - మా నాయినమ్మ వాళ్ళ అమ్మ నాయిన.

చుట్టరికం తప్పు రాసిందని దిద్దబోయాను. మా నానీ తనకు తాతమ్మ అవుతుంది, నాయినమ్మ వాళ్ళ అమ్మ. నాన్న తరఫునే కదా, లెక్క సరిగ్గానే ఉంది. తప్పు నాదే, పెన్ను కింద పెట్టాను.

మర్నాడు స్నేహితురాలు ఆ మూత చూడ్డానికి మా ఇంటికొచ్చింది. చాలాసేపు చేతిలో పట్టుకొని చూసి, తన తాత మెదక్ దగ్గర ఒక జాగీరు ఊళ్ళో వెట్టి చేసేవాడని ఇంట్లో చెబుతారని అన్నది. ఈసారి ఆదివారం ఇద్దరూ కలిసి వెళ్తారట. టికెట్ డబ్బులు నన్నే అడిగారు.